స్పీకర్లు కొనేముందు గదికి టేపు పట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో హాలు అలంకరణ మీద వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. హాలు ఎంత దర్జాగా ఉంటే స్పీకర్లు అంత పెద్దవి పెట్టుకోవచ్చన్న అర్థం వచ్చేలా ఉంది ఆ వ్యాసం. పక్కన ఫొటోలో మనిషెత్తు స్పీకర్లు రెండు గోడకు ఆనించి ఉన్నాయి. మధ్యలో టీవీ, ఎదురు గోడకు ఆనించి సోఫా. చూడ్డానికి బాగానే ఉంది. వినడానికి మాత్రం అంతకన్నా చెడ్డ అమరిక వెతికినా దొరకదు. ఇలాంటి ఫొటోలు చూసి లక్షలు పోసి కొన్నవాళ్లు ఆరు నెలలకు యాంప్లిఫయర్ మారుస్తారు, ఏడాదికి కేబుళ్లు మారుస్తారు, చివరికి స్పీకర్లనే సగం ధరకు అమ్మేస్తారు. ఆ వస్తువుల్లో దేనిదీ తప్పు కాదు. తప్పు గది కొలతలు అడగకుండా కొనడంలో ఉంది.

బాస్ (పాటలో కింది స్వరాల శబ్దం) ఎలా వినిపించాలో స్పీకరు కన్నా గదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. లెక్క చాలా సులువు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 1130 అడుగులు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం అడుగుల్లో కొలిచి, 565ను ఆ దూరంతో భాగిస్తే, ఆ రెండు గోడల మధ్య శబ్దం నిలబడిపోయి మోత పుట్టే మొదటి పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది. దాని రెట్టింపు, మూడింతల దగ్గర కూడా అదే జరుగుతుంది. మన ఇళ్లలో మామూలుగా ఉండే 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల స్లాబు ఎత్తు ఉన్న గదినే తీసుకోండి. పొడవుకు 40, వెడల్పుకు 47, ఎత్తుకు 56 హెర్ట్జ్ వస్తాయి. బాస్ గిటారులో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. అంటే పాటలో బాస్ వాయిద్యం కదిలే దారిలోనే ఈ మూడు పౌనఃపున్యాలూ ఉన్నాయి. ఒక స్వరం గుమ్మని గదంతా నిండుతుంది, పక్క స్వరం వినిపించనే వినిపించదు. అది రికార్డింగు లోపమనుకుంటారు. కుర్చీ మూడడుగులు ముందుకు జరిపితే ఆ రెండు స్వరాల వరసే తారుమారు కావచ్చు.

10×12 గది, 10 అడుగుల స్లాబు ఇంకా ఇబ్బంది. వెడల్పు, ఎత్తు రెండూ 56 దగ్గరే కలుస్తాయి. 12×20 హాలు పెద్దదే కదా అనుకుంటాం. కానీ 20 అడుగుల పొడవుకు రెండో పౌనఃపున్యం 56, 10 అడుగుల స్లాబుకు మొదటిది 56, మళ్లీ అవే రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. చతురస్రం గది వాస్తుకు మంచిదంటారు. శబ్దానికి అంతకన్నా చెడ్డది లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఇక్కడే మనవాళ్లు మోసపోయే ఇంకో మెలిక ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఒక పెద్ద స్పీకరు విని ముచ్చటపడతారు. లేదంటే అక్కడివాళ్లు రాసిన సమీక్షలు చదువుతారు. అదే మోడల్ హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించి పెడితే బాస్ మోతెక్కిపోతుంది. అక్కడి ఇళ్లకు చెక్క చట్రాల మీద అరంగుళం జిప్సం బోర్డు కొడతారు. బాస్ తగిలినప్పుడు ఆ బోర్డు కొద్దిగా కదిలి, శక్తిలో కొంత తాగేస్తుంది. కింద కార్పెట్, దాని కింద మెత్త. మన గోడ తొమ్మిదంగుళాల ఇటుక, రెండువైపులా సిమెంటు పూత. పైన కాంక్రీటు స్లాబు, కింద విట్రిఫైడ్ టైల్స్ లేదా మార్బుల్. తన మీద పడిన శబ్దంలో నూటికి రెండు వంతులు కూడా మింగవు ఇవి. మిగతాదంతా తిరిగి గదిలోకే వస్తుంది. కాబట్టి అమెరికా సమీక్షలో 200 చదరపు అడుగుల గదికి సరిపోతుందని రాసిన స్పీకరు, మన ఇటుక గదిలో అంతే విస్తీర్ణానికి ఎక్కువే అవుతుంది. ఒక మెట్టు చిన్నది చూసుకోవడం మంచిది.

అసలు పెద్ద స్పీకరంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. వూఫరు (బాస్ పలికించే యూనిట్) పెద్దదైతే తప్పేమీ లేదు. పెద్ద కోను తక్కువ కదిలి ఎక్కువ గాలిని తోస్తుంది, వక్రీకరణ తక్కువ. చిక్కు మూడు చోట్ల వస్తుంది: ఎంత కిందికి దిగుతుంది, ఎంత దూరం నుంచి వినాలి, గోడలకు ఎంత ఎడం కావాలి.

మొదటిది. గదిలో అన్నిటికన్నా కింది పౌనఃపున్యం (మన 14 అడుగుల గదిలో 40) దాటి కిందికి వెళ్తే శబ్దం అలలుగా తిరగదు. తలుపులు మూసిన గది మొత్తం ఒకే డబ్బాలా ఒత్తిడికి లోనవుతుంది. గట్టి గోడల గదిలో అక్కడి నుంచి కిందికి బాస్ ఆక్టేవుకు (పౌనఃపున్యం సగమైనప్పుడల్లా) 12 డెసిబెల్స్ దాకా పెరగగలదు. తలుపు సందులు, కిటికీ సందులు కొంత తగ్గిస్తాయి గానీ, పెరుగుదల పెరుగుదలే. పోర్టు (పెట్టెకు గాలి గొట్టం) పెట్టి ఆరుబయట 25 హెర్ట్జ్ దాకా సమంగా దిగేలా తయారుచేసిన నాలుగు మార్గాల (స్వరాలను నాలుగు భాగాలుగా వేర్వేరు యూనిట్లకు పంచే) స్పీకరును ఈ గదిలో పెడితే, ఆ సమం మీద గది ఇచ్చే పెంపు కూడా చేరుతుంది. అదే పోర్టు లేని మూత బాక్సు 45, 50 హెర్ట్జ్ నుంచే ఆక్టేవుకు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అది తగ్గే చోట గది పెంచుతుంది, రెండూ దాదాపు సరిపోతాయి. ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1తో మూత బాక్సును జనంలోకి తెచ్చాడు. చిన్న పెట్టె, లోతైన బాస్ అన్నది అప్పుడు వింత. మన పడకగదులకు ఇప్పటికీ అదే సరైన దారి అని నా అభిప్రాయం.

రెండోది దూరం. మూడు, నాలుగు మార్గాల స్పీకరులో పై స్వరాల ట్వీటర్, మధ్య స్వరాల మిడ్‌లు, వూఫర్లు పై నుంచి కింది దాకా పరుచుకుని ఉంటాయి. దగ్గరగా కూర్చుంటే గొంతు ఒక చోట నుంచి, మృదంగం గుమికీ ఇంకో చోట నుంచి వచ్చినట్టుంటుంది. కుర్చీలో వెనక్కి జారగిలబడితే స్వరం రంగు మారిపోతుంది. స్పీకర్లను కొలిచేవాళ్లు శబ్దం పుట్టే ముఖం పొడవుకు కనీసం మూడు రెట్ల దూరంలో మైకు పెట్టాలంటారు. వినడానికి అంత కచ్చితం అక్కర్లేదు గానీ, నాలుగడుగుల పొడవునా యూనిట్లు ఉన్న టవరుకు 10 నుంచి 12 అడుగుల దూరం కావాలి. అమెరికాలో విల్సన్ ఆడియో లాంటి కంపెనీలు తమ పెద్ద మోడళ్లలో పై పెట్టెలను విడివిడిగా ముందుకూ వెనక్కూ జరిపి, చెవి ఎత్తుకూ దూరానికీ తగ్గట్టు బిగించే ఏర్పాటు ఇవ్వడానికి కారణం ఇదే.

ఇప్పుడు 14 అడుగుల గదిలో కూర్చునే చోటు లెక్కేద్దాం. వెనక గోడకు ఆనుకుంటే పొడవు తాలూకు మోతలన్నీ ఒకేసారి చెవిలో పడతాయి. సరిగ్గా మధ్యలో కూర్చుంటే 40 హెర్ట్జ్ మాయమవుతుంది. పొడవులో నూటికి 38 వంతుల దూరం మంచి మొదలు. అంటే వెనక గోడ నుంచి 5.3 అడుగులు, ముందు గోడ నుంచి 8.7 అడుగులు. రెండడుగుల లోతున్న పెద్ద స్పీకరును ముందు గోడకు మూడడుగుల ఎడంలో పెట్టండి. దాని ముఖం అయిదడుగుల దగ్గరికి వచ్చేసింది. చెవికీ దానికీ మధ్య గది పొడవు వెంట మిగిలింది నాలుగడుగుల లోపు. 12 అడుగులు కావాల్సిన చోట నాలుగైదు! దీన్ని ఏ కేబులూ సరిచేయలేదు.

మూడోది గోడల ఎడం. బాస్ ముందుకే కాదు, స్పీకరు చుట్టూ పోతుంది. స్పీకరు వెనకున్న గోడకు తగిలి తిరిగొచ్చేసరికి ఒక పౌనఃపున్యం దగ్గర ముందుకెళ్లే శబ్దానికి సరిగ్గా ఎదురుతిరిగి దాన్ని చంపేస్తుంది. వూఫర్ ముఖం నుంచి గోడకు ఉన్న దూరాన్ని అడుగుల్లో కొలిచి 282ను దానితో భాగిస్తే ఆ గుంట ఎక్కడుందో తెలుస్తుంది. రెండడుగులకు 141, మూడడుగులకు 94, అయిదడుగులకు 56 హెర్ట్జ్. పక్క గోడకూ, నేలకూ కూడా ఇదే సూత్రం. మూడు దూరాలూ సమానమైతే మూడు గుంటలూ ఒకే చోట పడి గొయ్యి అవుతుంది. అందుకే వెనక మూడడుగులు వదిలితే పక్కన రెండుంపావు అన్నట్టు, ఒకదానికొకటి కుదరకుండా పెట్టాలి. అమెరికాలో కార్డాస్ సూత్రమని ఒకటి ప్రచారంలో ఉంది. వూఫర్ మధ్య బిందువు పక్క గోడ నుంచి గది వెడల్పులో 0.276 వంతు, స్పీకరు వెనకున్న గోడ నుంచి 0.447 వంతు దూరంలో ఉండాలంటుంది. 12 అడుగుల వెడల్పుకు అది 3.3 అడుగులు, 5.4 అడుగులు. సూత్రం బాగానే పనిచేస్తుంది. ఇంట్లో మనుషులు ఎటు నుంచి నడవాలన్నదే ప్రశ్న.

అందుకని కొనకముందే ఒక పని చేయండి. స్పీకరు పొడవు, వెడల్పు కంపెనీ కాగితాల్లో ఉంటాయి. అనుకున్న చోట నేల మీద ఆ కొలతకు ముగ్గుపిండితో గళ్లు గీయండి. వీలైతే ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె తెచ్చి నిలబెట్టండి. వారం రోజులు దాన్ని తప్పుకుంటూ తిరగండి. పూజగది తలుపు తెరుచుకుంటుందా, బాల్కనీ స్లైడింగ్ తలుపు జరుగుతుందా, పిల్లలు తగులుకుంటున్నారా అన్నీ తేలిపోతాయి. మూడో రోజుకే ఆ అట్టపెట్టె గోడకు చేరిందంటే, ఆ స్పీకరు మీ ఇంటికి కాదు.

ఏ గదికి ఏది? ఇది నా తీర్పు, కచ్చితమైన శాస్త్రం కాదు. 10×12 గదికి అయిదు నుంచి ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న రెండు మార్గాల స్టాండు స్పీకరు, వినే దూరం ఆరేడడుగులు. బీబీసీ వాళ్లు ప్రసార వ్యాన్ల ఇరుకులో వాడుకోవడానికి 1970లలో తయారుచేసుకున్న ఎల్‌ఎస్3/5ఏకి ఇప్పటికీ అభిమానులున్నారంటే చిన్న గదికి చిన్న స్పీకరు అన్న మాటలో బలముంది. 12×14, 12×16 గదులకు ఆరున్నర, ఏడంగుళాల మూత బాక్సు, లేదా రెండు చిన్న వూఫర్ల సన్నని టవరు. 14×20 హాలుకు ఎనిమిదంగుళాల వూఫర్లు రెండున్న టవరు పెట్టుకోవచ్చు, అదీ సోఫాను గోడ నుంచి ముందుకు జరపగలిగితేనే. పది, పన్నెండు అంగుళాల వూఫర్లు రెండేసి ఉన్న నాలుగు మార్గాల రాక్షసులకు 18×26 దగ్గర నుంచి ఆలోచించాలి, స్లాబు 11, 12 అడుగులుంటే ఇంకా మేలు. ఫ్రాన్స్‌లో ఫోకాల్ చేసే గ్రాండ్ యుటోపియా రెండు మీటర్ల ఎత్తు, 260 కిలోలకు పైగా బరువు. దాన్ని ఫ్లాట్ హాల్లో పెట్టడమంటే ఇంటి ముందు సందులో లారీ నిలబెట్టుకోవడమే.

శ్రోతల పరీక్షలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన బీఎస్ 1116 ప్రమాణం స్టీరియో గదికి 20 నుంచి 60 చదరపు మీటర్లు ఉండాలంటుంది. 20 చదరపు మీటర్లంటే 215 చదరపు అడుగులు. మన 12×14 గది 168. అంటే అది ప్రయోగశాల కొలతకే తక్కువ. సంగీతం వినకూడదని కాదు, అందులో పెట్టే సామాను అందుకు తగ్గట్టు ఉండాలని.

మరి పవరు? 87 డెసిబెల్స్ సున్నితత్వం (ఒక వాటుకు ఒక మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకర్ల జత ఎనిమిదడుగుల దూరంలో ఒక్క వాటుకు 85 దరిదాపుల్లో వినిపిస్తుంది. మామూలుగా ఇంట్లో వినేది 75, 80. వాటులో కొంత భాగం చాలు. పాటలో ఎగిసే చోట్ల ఇరవై డెసిబెల్స్ ఎక్కువ కావాలనుకుంటే 100 వాట్లు సరిపోతాయి. చిన్న గదికి 300 వాట్ల యాంప్లిఫయర్ కావాలని దుకాణంలో అంటే, స్పీకరు ఇంపిడెన్స్ (కరెంటుకు అది ఇచ్చే అడ్డు) ఎంత కిందికి పడుతుందో అడగండి. కొన్ని పెద్ద స్పీకర్లు నాలుగు ఓమ్‌లని రాసుకుని రెండున్నరకు దిగుతాయి. అప్పుడు కావాల్సింది వాట్ల సంఖ్య కాదు, ఎక్కువ కరెంటు ఇవ్వగల యాంప్లిఫయర్.

మినహాయింపులు లేకపోలేదు. పాల్ క్లిప్ష్ 1946లో తెచ్చిన క్లిప్ష్‌హార్న్ చూడ్డానికి బీరువాలా ఉంటుంది, కానీ గది మూలనే తన కొమ్ములో భాగంగా వాడుకునేలా తయారైంది. దానికి అడ్డంకి లేని రెండు మూలలు కావాలి. మన హాళ్లలో ఒక మూలన తలుపు, ఇంకో మూలన డైనింగులోకి ఆర్చీ ఉంటాయి. పలక స్పీకర్లు (క్వాడ్ 1957లో తెచ్చిన ఎలెక్ట్రోస్టాటిక్, అమెరికాలో మాగ్నెపాన్ చేసేవి) చూడ్డానికి పెద్దవే గానీ బాస్ పక్కలకు దాదాపు పోనివ్వవు. వెడల్పు తాలూకు మోతను తక్కువగా రేపుతాయి. వెనక మూడు, నాలుగడుగులు మాత్రం వదలాల్సిందే. వెనక్కి పోయే శబ్దాన్ని ఎదురు శబ్దంతో రద్దు చేసే కార్డియాయిడ్ స్పీకర్లు కూడా వచ్చాయి. నెదర్లాండ్స్‌కు చెందిన డచ్ అండ్ డచ్ 8సీని గోడకు 10 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో పెట్టమని తయారీదారులే చెబుతారు. ఇరుకు గదికి ఇంత నిజాయితీగా తయారైన వస్తువులు తక్కువ.

చాలా ఇళ్లకు నేను చెప్పేది ఇంకా చవకైన మార్గం. చిన్న స్టాండు స్పీకర్లు, వాటితో పాటు పదంగుళాల మూత సబ్‌వూఫర్లు రెండు. ఒకటి ముందు గోడ మధ్యలో, ఇంకొకటి వెనక గోడ మధ్యలో. రెండూ ఒకే ఫేజులో (ఒకేసారి ముందుకూ ఒకేసారి వెనక్కూ కదిలేలా), 80 హెర్ట్జ్ పైది వాటికి పోకుండా కత్తిరించి. ఎదురెదురు గోడల నుంచి ఒకేలా తోస్తే పొడవు తాలూకు 40 హెర్ట్జ్ మోత పుట్టక ముందే రద్దయిపోతుంది. గోడ మధ్య బిందువు వెడల్పు తాలూకు 47కు నిశ్శబ్ద స్థానం. అక్కడి నుంచి దాన్ని రేపడం సాధ్యం కాదు. రెండు సబ్‌లతో రెండు మోతలూ పోయాయి. ఎత్తు తాలూకు 56 ఒక్కటే మిగులుతుంది. హార్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో ఎన్ని సబ్‌వూఫర్లు కావాలన్న ప్రశ్న మీద సమర్పించిన పరిశోధనలో ఈ గోడ మధ్య అమరికలు బాగా పనిచేస్తాయని తేల్చాడు. రెండు పెద్ద టవర్లకు ఈ వీలు లేదు. ఎందుకంటే స్టీరియో కోసం వాటిని పెట్టాల్సిన చోటు ఒకటి, బాస్ కోసం పెట్టాల్సిన చోటు ఇంకొకటి.

ఇప్పటికే పెద్దవి కొనేసినవాళ్ల సంగతి. పోర్టు ఉంటే ముందు దాన్ని మూయండి. చాలా కంపెనీలు నురుగు బిరడాలు పెట్టెలోనే ఇస్తాయి. లేకపోతే పాత సాక్సులు రెండు ఉండచుట్టి దూర్చండి. తర్వాత సోఫాను గోడ నుంచి మూడడుగులు ముందుకు లాగండి. ఈ రెండూ ఖర్చు లేనివి, సగం రోగం వీటితోనే తగ్గుతుంది.

హాలూ డైనింగూ ఎల్ ఆకారంలో కలిసిపోయే ఫ్లాట్లలో ఇంకో తంటా ఉంది. ఒక స్పీకరు పక్కన గోడ ఉంటుంది, రెండోదాని పక్కన ఖాళీ. గోడ పక్కనున్నది బరువుగా, ఖాళీ పక్కనున్నది పీలగా వినిపిస్తుంది, గాయకుడు ఒక పక్కకు ఒరిగిపోతాడు. కుదిరితే స్పీకర్లను అడ్డగోడకు మార్చండి. కుదరకపోతే గోడ పక్కనున్నదాన్ని ఇంకో అడుగు లోపలికి జరపండి.

శబ్దం మింగే సామగ్రి విషయంలో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. గది మోగుతోందని తెరలు, పరదాలు, సోఫా కుషన్లు, గోడ నిండా ఒకంగుళం నురుగు పలకలు నింపేస్తారు. కోడిగుడ్ల అట్టలు అతికించేవాళ్లూ ఉన్నారు, వాటితో ఒరిగేది ఏమీ లేదు. వరంగల్ జంఖానా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ పల్చటి నూలు నేత పై స్వరాలను తప్ప మింగదు. ఇవన్నీ కలిసి ట్రెబుల్‌ను తినేస్తాయి, బాస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. గొంతు దుప్పటి కప్పుకున్నట్టు, కింద గుమ్మనే మోత మాత్రం ఒంటరిగా మిగులుతుంది. ఒక పౌనఃపున్యాన్ని దూది లాంటి పదార్థంతో బాగా మింగాలంటే దాని అల పొడవులో పావు వంతు మందం కావాలి. 56 హెర్ట్జ్‌కు అది అయిదడుగులు. ఎవరి ఇంట్లోనూ కుదరదు. అందుకని మధ్యే మార్గం: నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి పీచు) పలక (ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత), గోడకు ఇంకో నాలుగంగుళాల ఖాళీ వదిలి, పల్చటి బట్ట తొడిగి, వెనక మూలల్లో నేల నుంచి స్లాబు దాకా. ఇది 80, 100 హెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. రాక్‌వూల్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతికి గ్లవుజులు మరవకండి, ఒళ్లంతా దురద పెడుతుంది.

ఇంకా కిందికి కావాలంటే, మనవాళ్లు అందానికి చేయించుకునే జిప్సం ఫాల్స్ సీలింగే పనికొస్తుంది! 12.5 మిల్లీమీటర్ల బోర్డు, స్లాబుకూ దానికీ మధ్య ఆరంగుళాల ఖాళీ ఉంటే, అది 50 హెర్ట్జ్ దరిదాపుల్లో కదిలి బాస్ మింగుతుంది. ఖాళీలో రెండంగుళాల రాక్‌వూల్ పరిస్తే ఇంకా బాగా. గదిలో ఎత్తు తాలూకు మోత కూడా దాదాపు అక్కడే ఉండడం మన అదృష్టం. చట్రం స్క్రూలు ఆరంగుళాలకొకటి చొప్పున గట్టిగా బిగించాలి. లేకపోతే సీలింగు తనే గిలగిలలాడుతుంది. అందులో గుచ్చిన లైట్లు, ఏసీ గ్రిల్లు, షోకేసు అద్దాలు, కప్‌బోర్డు తలుపులు అన్నిటినీ ఒకసారి పరీక్షించాలి. 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే టోను వినిపిస్తూ ఎక్కడ గిర్రుమంటుందో చేత్తో పట్టుకుని చూడటమే పద్ధతి.

చెవితోనే తేల్చేస్తామనేవాళ్లకు ఒక మాట. కొలవండి. రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. కాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే యూఎస్‌బీ మైకు, మినీడీఎస్‌పీ వారి యూమిక్-1 లాంటిది, ఒకటి చాలు. కూర్చునే చోట చెవి ఎత్తున మైకు నిలబెట్టి, ఫ్యాను ఆపి, ఒక్కో స్పీకరునూ విడిగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కొలవండి. 300 హెర్ట్జ్ కిందిది చూసేటప్పుడు గీతను నునుపు చేసే ఆప్షన్ తీసేయండి, ఎందుకంటే గుంటలన్నీ దాని వెనకే దాక్కుంటాయి. తర్వాత వాటర్‌ఫాల్ (ఏ పౌనఃపున్యం ఎంతసేపు మోగుతుందో చూపే గ్రాఫు) చూడండి. 40, 47, 56 దగ్గర తోకలు మిగతావాటికన్నా ఎంత పొడుగ్గా సాగుతున్నాయో అసలు జబ్బు అంతే. ఈక్వలైజరుతో పొంగులను తగ్గించవచ్చు, 10 డెసిబెల్స్ పొంగినా ఫర్వాలేదు. గుంటలను మాత్రం నింపాలని చూడకండి. రద్దయ్యే చోట 10 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫయర్ పదింతల పవరు కక్కుతుంది, తిరిగొచ్చే అలా అంతే పెరుగుతుంది, గుంట గుంటగానే ఉంటుంది. దానికి మందు కుర్చీనో స్పీకరునో జరపడమే.

దుకాణంలో వినేటప్పుడు కూడా జేబులో టేపు పెట్టుకుని వెళ్లండి. డెమో గది కొలతలు, గోడలకు ఏం కొట్టారు, స్పీకరు గోడకు ఎంత దూరంలో ఉంది, మీరు కూర్చున్న కుర్చీ దానికి ఎంత దూరంలో ఉంది, ఈ నాలుగూ రాసుకోండి. 20×28 గదిలో 12 అడుగుల దూరాన విన్నది 12×14లో రాదు. మూడు రోజులు ఇంట్లో పెట్టి చూసే వీలిస్తారా అని అడగండి. లక్షలు పెట్టేవారికి ఆ మాత్రం అడిగే హక్కుంది. లిఫ్టులో పడుతుందా అని కూడా ముందే చూసుకోవాలి. 100 కిలోల పెట్టెను అయిదో అంతస్తుకు మెట్ల మీదుగా ఎక్కించాక సరిపోలేదని దింపడం మామూలు పని కాదు. బరువైన స్పీకరు మొనలను నేరుగా విట్రిఫైడ్ టైల్ మీద పెడితే టైల్ పగులుతుంది. కింద ఇత్తడి బిళ్లలు వేయాలి.

చివరగా ఒక విన్నపం. మీ స్థిరాస్తి పేజీలు ఇల్లు కట్టుకునేవాళ్లు చదువుతారు. పాటలు వినే గది కావాలనుకునేవాళ్లు ఆ మాట తాపీ మేస్త్రీకి ముగ్గు పోసే రోజునే చెప్పాలని అక్కడ రాయించండి. 10 అడుగుల స్లాబుకు 14 అడుగుల వెడల్పు, 19 అడుగుల పొడవు పెట్టుకుంటే మొదటి మూడు పౌనఃపున్యాలు 30, 40, 56 దగ్గర విడివిడిగా పడతాయి. 1971లో లౌడెన్ అనే ఆయన వందకు పైగా నిష్పత్తులు పోల్చి ముందు వరసలో పెట్టింది ఈ 1:1.4:1.9నే. ఇందుకు అదనంగా ఇటుకలు అక్కర్లేదు, గోడ ఎక్కడ లేపాలో ఒక అడుగు అటూ ఇటూ జరపడమే. ఆ వ్యాసంలోని ఫొటో మళ్లీ వేసే సందర్భం వస్తే, కింద గది కొలతలు, స్పీకర్లకూ సోఫాకూ మధ్య దూరం కూడా అచ్చువేయండి. మిగతా లెక్క పాఠకులే 565తో వేసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్